సీరియల్ పోర్టు లేని కంప్యూటర్, మూడు పాత యంత్రాలు: ఒక కేస్ స్టడీ

లోహపు విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో ఏళ్ల తరబడి పనిచేసిన కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. దాని స్థానంలో కొత్తది కొన్నారు. చిక్కంతా వెనుక భాగంలో వచ్చింది. పాతదానికి మూడు సీరియల్ పోర్టులు (డేటాను ఒక్కొక్క బిట్‌గా పంపే పాతతరం కనెక్టర్లు) ఉండేవి, మూడింటికీ మూడు పరికరాలు తగిలించి ఉండేవి. నాణ్యత పరీక్ష గదిలోని ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి, లోహపు ఉపరితలం ఎంత గరుకుగా ఉందో కొలిచే మీటరు ఒకటి, గోడకు అవతల ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసేది) ఒకటి. కొత్త కంప్యూటర్‌కు అలాంటి పోర్టు ఒక్కటీ లేదు.

పరికరాలనే మార్చేస్తే పోదా అని యాజమాన్యం అడిగింది. అడగవలసిన ప్రశ్నే. కానీ త్రాసు ఏటా జరిగే క్యాలిబ్రేషన్‌లో నెగ్గుతూనే ఉంది. దాన్ని తీసేస్తే, దాని చుట్టూ అల్లుకున్న పరీక్షా పద్ధతినంతా మళ్లీ ధ్రువీకరించుకోవాలి. మిల్లింగ్ యంత్రానికి ఇంకా చాలా ఆయువు ఉంది. ఒక తీగ తగిలించే చోటు లేదని అంత యంత్రాన్ని పాతసామానులో వేయడం నాకు సమంజసం అనిపించలేదు.

నన్ను పిలిచేసరికే వాళ్లు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కన్వర్టర్లు కొన్ని తెప్పించి ప్రయత్నించారు. త్రాసు ఒక్కోసారి సరైన బరువు, ఒక్కోసారి పిచ్చిరాతలు పంపుతోంది. గరుకుదనం మీటరు ఉలకదు, పలకదు. మిల్లింగ్ యంత్రానికి చిన్న ప్రోగ్రాములు చక్కగా వెళుతున్నాయి, పెద్దవి మధ్యలో అలారం కొట్టి ఆగిపోతున్నాయి. కన్వర్టర్లు నాసిరకం, ఇంకా మంచివి కావాలి అన్నది వాళ్ల నిర్ధారణ. ఈ రంగంలో తరచూ కనిపించే ధోరణి ఇదే: ఒక కన్వర్టర్ పనిచేయకపోతే ఇంకొకటి కొంటారు, అదీ పనిచేయకపోతే మూడోది. నేను కన్వర్టర్లన్నీ పక్కన పెట్టించి మల్టీమీటర్ తీశాను.

వోల్టేజీతో మొదలు

సీరియల్ పోర్టు సంకేతాలు ఎలా ఉండాలో చెప్పే ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960లో వచ్చింది. పాత పరికరాలలో చాలావరకు పాటించేది 1969 నాటి 'సీ' సవరణను. దాని ప్రకారం మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల వరకు 'ఒకటి', ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వరకు 'సున్నా'. మధ్యలో ఉన్న వోల్టేజీకి అర్థం లేదు. ఏమీ పంపనప్పుడు లైను 'ఒకటి' దగ్గర నిలబడుతుంది. అంటే, పరికరం ఆన్‌లో ఉంటే చాలు, డేటా పంపే పిన్ను మీద ఎప్పుడూ మైనస్ వోల్టేజీ కనిపించాలి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే కేబుల్ గొడవలు సగం తీరిపోతాయి.

తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 5వ పిన్ను గ్రౌండ్. మల్టీమీటర్ నల్ల తీగను దాని మీద ఉంచి, ఎర్ర తీగతో 2ను, 3ను తాకి చూడాలి. ఏది మైనస్ చూపిస్తే పరికరం దాని మీద పంపుతోందన్న మాట. కంప్యూటర్ 3 మీద పంపుతుంది, 2 మీద వింటుంది. కాబట్టి పరికరం 2 మీద పంపుతుంటే నేరు కేబుల్ చాలు. అదీ 3 మీదే పంపుతుంటే తీగలు అటూ ఇటూ మార్చిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. ఇరవై అయిదు పిన్నుల పాత కనెక్టర్‌లో లెక్క వేరు. అక్కడ గ్రౌండ్ 7, కంప్యూటర్ తరహా పరికరం పంపేది 2 మీద, వినేది 3 మీద. 1984లో ఐబీఎం ఏటీ కంప్యూటర్‌తో తొమ్మిది పిన్నుల కనెక్టర్ వ్యాప్తిలోకి వచ్చినప్పుడు ఈ అంకెలు తారుమారయ్యాయి. ఆ గందరగోళాన్ని ఇప్పటికీ మోస్తున్నాం.

కొలిచి చూస్తే త్రాసు 2 మీద మైనస్ చూపించింది, నేరు కేబులే. మిల్లింగ్ యంత్రం వైపు ఇరవై అయిదు పిన్నుల కనెక్టర్‌లో కూడా 2 మీదే మైనస్ ఉంది. కంప్యూటర్ తరహా వైరింగ్ కాబట్టి తీగలు మార్చాలి, గోడలోంచి వచ్చే పాత కేబుల్‌లో అది ఎప్పుడో చేసే ఉంది. గరుకుదనం మీటరు మాత్రం ఏ పిన్ను మీదా ఏమీ చూపించలేదు. చాలామంది ఇక్కడ పోర్టు చచ్చిపోయిందని తేల్చేస్తారు. నేను దాన్ని ఒక ఆధారంగా రాసిపెట్టుకున్నాను. ఎందుకో కింద వస్తుంది.

తర్వాత కన్వర్టర్ల వంతు. 2, 3 పిన్నులను చిన్న తీగముక్కతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రామ్‌లో (పోర్టులోకి అక్షరాలు పంపి, వచ్చినవి చూపించేది) ఏదో ఒకటి టైపు చేస్తే అదే తెర మీదికి తిరిగి రావాలి. దీన్ని లూప్‌బ్యాక్ పరీక్ష అంటారు. ఒకటి తప్ప అన్నీ నెగ్గాయి. ఆ ఒక్కదానికి డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వచ్చింది, డ్రైవరే మొదలు కాలేదు. లోపలి చిప్ పేరున్న కంపెనీదిలా కనిపించే నకిలీ. చిప్ తయారీదారులు నకిలీలను గుర్తించి పనిచేయనివ్వని డ్రైవర్లను విడుదల చేయడం కొత్త కాదు. 2014లో ఎఫ్‌టీడీఐ అనే చిప్ కంపెనీ డ్రైవర్ నకిలీ చిప్‌ల గుర్తింపు సంఖ్యను సున్నా చేసేయడం పెద్ద దుమారమైంది. అలాంటి కన్వర్టర్‌ను పాత డ్రైవర్ వెతికిపెట్టి బతికించవచ్చు. కానీ తర్వాతి విండోస్ అప్‌డేట్‌తో కథ మళ్లీ మొదటికొస్తుంది. దాన్ని పక్కన పడేశాం.

లూప్‌బ్యాక్ నెగ్గిందంటే కన్వర్టర్ తన మాట తాను వినగలుగుతోందనే అర్థం. అవతలి పరికరంతో దాని మాట కలుస్తుందో లేదో ఆ పరీక్ష చెప్పదు. త్రాసు విషయంలో తేడా అక్కడే వచ్చింది.

సగం అంకెలు నిజం చెప్పే త్రాసు

సిబ్బంది త్రాసును 50 గ్రాముల ప్రామాణిక తూకపురాయితో పరీక్షిస్తున్నారు. తెర మీద 50.00 అని ముచ్చటగా వస్తోంది, చివర ఏదో ఒక గుర్తు మాత్రం తేడాగా ఉంటోంది. నిజమైన విడిభాగాన్ని పెడితే మాత్రం రాత చెడిపోతోంది. దాంతో త్రాసులో ఎక్కడో లూజ్ కనెక్షన్ ఉందని అనుమానం పెంచుకున్నారు.

నేను వేర్వేరు బరువులు పెట్టించి, త్రాసు తెర మీద ఉన్నదీ కంప్యూటర్‌లోకి వచ్చిందీ పక్కపక్కన రాయించాను. 350.96 చెక్కుచెదరకుండా వచ్చింది. 112.48లో చుక్క తప్ప అంతా చెడింది. మరికొన్ని చూశాక వరస తెలిసింది: 0, 3, 5, 6, 9 అంకెలు ఎప్పుడూ సరిగ్గా వస్తాయి, 1, 2, 4, 7, 8 ఎప్పుడూ చెడతాయి. లూజ్ కనెక్షన్ ఇంత నియమంగా అంకెలను ఏరుకోదు.

ప్యారిటీ (ఒకట్ల సంఖ్యను సరి లేదా బేసి చేసి తప్పులు పట్టించే అదనపు బిట్) గురించి తెలిసినవాళ్లకు ఈ జాబితా చూడగానే వెలుగుతుంది. '3' అనే అక్షరానికి ఆస్కీలో, అంటే అక్షరాలకు సంఖ్యలిచ్చే పట్టికలో, సంకేతం 51, బైనరీ లెక్కలో 0110011. అందులో నాలుగు ఒకట్లు, సరి సంఖ్య. '1' సంకేతం 49, అంటే 0110001. అందులో మూడు ఒకట్లు, బేసి సంఖ్య. త్రాసు పంపుతున్నది ఏడు డేటా బిట్లు, వాటి వెనుక ఒక సరి ప్యారిటీ బిట్. ఒకట్ల సంఖ్య బేసి అయితే ఆ బిట్ 1 అవుతుంది. కంప్యూటర్ వైపు టెర్మినల్‌ను ఎనిమిది డేటా బిట్లు, ప్యారిటీ లేదు అన్న మామూలు అమరికలో వదిలేశారు. అది ప్యారిటీ బిట్‌ను ఎనిమిదో డేటా బిట్ అనుకుని కలిపేసుకుంటోంది. 51 అలాగే 51గా మిగులుతుంది, 49కి 128 కలిసి 177 అవుతుంది. ఏడు బిట్లూ ఒక ప్యారిటీ, లేదా ఉత్త ఎనిమిది బిట్లు: రెండింటికీ పట్టే సమయం ఒక్కటే కాబట్టి ఎక్కడా దోష సూచన కూడా రాదు.

50.00లో ఉన్నవి అయిదు, సున్నాలు, చుక్క. మూడూ సరి ఒకట్లవే. చివర వచ్చే 'జీ' అక్షరానికి అయిదు ఒకట్లు, అందుకే అది మాత్రం చెడింది. 100 గ్రాముల రాయి పెట్టి ఉంటే మొదటి రోజే బయటపడేది. ఇంకో విషయం, వరస ముగింపు సూచించే సంకేతం 13లో మూడు ఒకట్లున్నాయి. అది 141గా మారిపోవడంతో, ఆ గుర్తు కోసం కాచుకున్న వాళ్ల రికార్డు ప్రోగ్రామ్‌కు వరస ముగిసినట్టే తెలియదు. అది స్తంభించిపోవడానికి కారణం అదే.

పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ బతికే ఉంది. అందులోని అమరికల ఫైల్ తెరిస్తే 2400 బాడ్ (సెకనుకు వెళ్లే బిట్లు), ఏడు బిట్లు, సరి ప్యారిటీ, ఒక స్టాప్ బిట్ (అక్షరం ముగింపు గుర్తు) అని స్పష్టంగా కనిపించింది. పాత యంత్రాన్ని పారేసే ముందు డిస్క్ దాచిపెట్టమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఆ నాలుగు విలువలు పెట్టగానే త్రాసు కుదుటపడింది.

పని అక్కడితో పూర్తి కాలేదు. విండోస్ సీరియల్ పోర్టులకు ఇచ్చే పేర్లలో ఆ రికార్డు ప్రోగ్రామ్ కామ్1 నుంచి కామ్4 వరకే గుర్తిస్తుంది. వాళ్ల కన్వర్టర్‌లో విడి సీరియల్ నంబరు లేదు. అలాంటి వాటిని విండోస్ ఏ యూఎస్‌బీ రంధ్రానికి తగిలించారన్న దాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. గది తుడిచేటప్పుడు ఎవరో ప్లగ్ తీసి పక్క రంధ్రంలో పెడితే కామ్3 కాస్తా కామ్7 అవుతుంది, త్రాసు మాయమవుతుంది. చిప్‌లో విడి నంబరు రాసి ఉన్న కన్వర్టర్‌ను తెప్పించి, డివైస్ మేనేజర్‌లో కామ్2 కేటాయించాను. ఎప్పుడో తగిలించి తీసేసిన కన్వర్టర్లు ఆక్రమించిన పాత నంబర్లను, దాచిన పరికరాలను చూపించమని అడిగి, ఒక్కొక్కటే తొలగించాల్సి వచ్చింది. లినక్స్ వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ పరికరం గుర్తింపును బట్టి స్థిరమైన పేరు దానంతట అదే తయారై ఉంటుంది, ప్రోగ్రామ్‌కు ఆ పేరు ఇస్తే సరిపోతుంది. రాత్రిపూట జరిగే నమోదు మధ్యలో ఆగిపోకుండా, యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే విద్యుత్ పొదుపు అమరికను కూడా ఆపేశాం.

పోర్టు నుంచి కరెంటు తాగే మీటరు

గరుకుదనం మీటరు మాన్యువల్ పోయింది. దాని పిన్నుల మీద వోల్టేజీ లేకపోవడానికి నా అనుమానం ఇది: దాని పోర్టుకు సొంత విద్యుత్తు లేదు. మీటరు లోపలి భాగం కాంతి ద్వారా సంకేతం పంపుతుంది. ఇవతలి సర్క్యూట్ నడవడానికి కావలసిన ప్లస్, మైనస్ రెండింటినీ కంప్యూటర్ నియంత్రణ లైన్ల నుంచే, అంటే డీటీఆర్, ఆర్‌టీఎస్‌ల నుంచే తీసుకుంటుంది. చేతిలో పట్టుకునే కొలత సాధనాల్లో ఈ పద్ధతి మామూలే.

అనుమానాన్ని పాత ప్రోగ్రామే తీర్చింది. అది విండోస్‌కు ముందటి డాస్ కాలం నాటిది, అరవై నాలుగు బిట్ల విండోస్ మీద నడవదు. పైగా అది విండోస్‌ను అడగకుండా 3ఎఫ్8 అనే పోర్టు చిరునామాకు నేరుగా రాస్తుంది. యూఎస్‌బీ కన్వర్టర్‌కు అలాంటి చిరునామా ఉండదు. డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో మొదటి సీరియల్ పోర్టును కన్వర్టర్‌కు ముడిపెట్టి ప్రోగ్రామ్ నడిపించి, కన్వర్టర్ 4, 7 పిన్నులను కొలిచాను. డీటీఆర్ ప్లస్‌లో, ఆర్‌టీఎస్ మైనస్‌లో ఉన్నాయి. సిబ్బంది వాడిన టెర్మినల్ ప్రోగ్రామ్ రెండింటినీ ప్లస్‌లో పెడుతోంది, మీటరుకు మైనస్ వైపు దొరకడం లేదు.

అయినా ఒక కన్వర్టర్‌తో మీటరు తడబడుతూనే ఉంది. విడిగా కొలిచినప్పుడు ఆరు వోల్టులకు దగ్గరగా ఉన్న డీటీఆర్, మీటరు తగిలించగానే నాలుగు దిగువకు జారింది. ఎక్కువ భారం మోయగల డ్రైవర్ చిప్ ఉన్న కన్వర్టర్‌తో అది సరిపోయింది. డాస్ ప్రోగ్రామ్‌ను వదిలేసి, ఆర్‌టీఎస్‌ను కిందికి దించి వరసలు చదివే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసిచ్చాను.

ఇక్కడే ఒక హెచ్చరిక. హాబీ బోర్డుల కోసం అమ్మే యూఎస్‌బీ సీరియల్ ముక్కలు 3.3 లేదా 5 వోల్టుల లాజిక్ స్థాయిలో పనిచేస్తాయి. వాటిలో 'ఒకటి' అంటే ప్లస్, 'సున్నా' అంటే సున్నా వోల్టులే. ఆర్‌ఎస్-232 పరికరం పంపే మైనస్ 12 వోల్టులు తగిలితే ఆ ముక్క కాలిపోవచ్చు. మధ్యలో మాక్స్232 లాంటి స్థాయి మార్చే చిప్ లేకుండా వాటిని పాత పరికరాలకు తగిలించకూడదు.

ఆపమంటే ఆగని కన్వర్టర్

మిల్లింగ్ యంత్రం విషయం మిగతా రెండింటిలాంటిది కాదు. త్రాసు అంకె చెడితే రికార్డు చెడుతుంది. ఇక్కడ ఒక అంకె జారిపోతే కట్టర్ వెళ్లకూడని చోటికి వెళుతుంది.

దీని కంట్రోల్‌కు జ్ఞాపకశక్తి తక్కువ. పెద్ద ప్రోగ్రామును కంప్యూటర్ కొద్దికొద్దిగా పంపుతుంటే, యంత్రం కోస్తూ పోతుంది. తన బఫర్ (వచ్చినదాన్ని తాత్కాలికంగా దాచుకునే చోటు) నిండబోతుంటే ఆపమని ఎక్స్‌ఆఫ్ అనే అక్షరం పంపుతుంది, ఖాళీ అయ్యాక సాగించమని ఎక్స్‌ఆన్ పంపుతుంది. ఆస్కీలో వీటి సంకేతాలు 19, 17. కేబుల్‌లో పనిచేసేవి మూడే తీగలు, పంపు, ఆగు అని వోల్టేజీతో చెప్పే హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ పిన్నులను కనెక్టర్ లోపలే ఒకదానికొకటి కలిపేశారు. కాబట్టి ఆపడమైనా సాగించడమైనా ఈ రెండు అక్షరాల మీదే నడవాలి.

కంట్రోల్ మాన్యువల్ ప్రకారం, ఆపమని చెప్పాక పది అక్షరాలలోపు కంప్యూటర్ ఆగాలి, లేదంటే అలారం. లెక్క వేద్దాం. వేగం 4800 బాడ్. ఒక అక్షరానికి ఒక స్టార్ట్ బిట్, ఏడు డేటా బిట్లు, ఒక ప్యారిటీ, రెండు స్టాప్ బిట్లు, మొత్తం పదకొండు. అక్షరానికి సుమారు 2.3 మిల్లీసెకన్లు. పది అక్షరాల గడువు 23 మిల్లీసెకన్లు.

యూఎస్‌బీ కన్వర్టర్ వచ్చిన అక్షరాన్ని వెంటనే కంప్యూటర్‌కు అందించదు. ఇంకా ఏమైనా వస్తాయేమోనని కాసేపు కాచుకుని, పోగుచేసి పంపుతుంది. వాళ్ల కన్వర్టర్‌లో ఆ నిరీక్షణ మామూలుగా 16 మిల్లీసెకన్లు. ఎక్స్‌ఆఫ్ కన్వర్టర్ లోపలే కూర్చుని ఉండగా ఏడు అక్షరాలు వెళ్లిపోతాయి. నిరీక్షణను 1 మిల్లీసెకనుకు తగ్గించవచ్చు, తగ్గించి చూశాను. అలారాలు తగ్గాయి, పోలేదు. ఎందుకంటే రెండో సగం అవతల ఉంది. కంప్యూటర్ అప్పటికే పంపిన అక్షరాల గుంపు కన్వర్టర్ చిప్ బఫర్‌లో ఉంటుంది. కంప్యూటర్ ఆగినా చిప్ తన దగ్గరున్నది మొత్తం పంపేదాకా ఆగదు. ఎక్స్‌ఆఫ్‌ను చిప్పే గుర్తించి ఆగగలిగే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ డ్రైవర్ ఆ సదుపాయాన్ని ఆన్ చేయాలి. వీళ్ల ప్రోగ్రామ్ ఆ పని డ్రైవర్‌కు అప్పగించకుండా తానే చేసుకుంటుంది. చిన్న ప్రోగ్రాములు సాఫీగా వెళ్లిన రహస్యం కూడా ఇదే: వాటికి బఫర్ నిండదు, ఆపమనే అవసరమే రాదు.

ఈ యంత్రానికి యూఎస్‌బీ వద్దని చెప్పాను. అలారం రాకుండా సర్దుబాటు చేయగలిగినా, కంప్యూటర్ వేరే పనిలో ఉన్న ఒక్క క్షణంలో ఏం జరుగుతుందో హామీ ఇవ్వలేని అమరికను కట్టర్‌కు ముడిపెట్టను. నెట్‌వర్క్ మీద నడిచే సీరియల్ సర్వర్ పెట్టెకు కూడా సొంత బఫర్ ఉంటుంది కాబట్టి అదీ వద్దన్నాను. మదర్‌బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఖాళీగా ఉంది. అందులో 16550 తరహా చిప్ ఉన్న సీరియల్ కార్డు పెట్టాం.

కార్డు పెట్టగానే పని అయిపోయిందనుకుంటే మళ్లీ చిక్కే. 16550 చిప్‌లో పదహారు అక్షరాలు పట్టే ఫిఫో బఫర్ ఉంటుంది. ఎక్స్‌ఆఫ్ వచ్చే సమయానికి అది నిండి ఉంటే పదహారూ వెళ్లిపోతాయి, గడువు పదే. పాత డిస్క్‌లోని విండోస్ అమరికల్లో, పంపే ఫిఫోను ఎవరో అతి తక్కువకు దించి ఉంచారు. ఎవరో గాని ఈ లెక్క తెలిసినవాళ్లే. కొత్త కార్డుకూ డివైస్ మేనేజర్‌లోని అదనపు అమరికల్లో అదే చేశాం.

ఇంకొకటి మిగిలింది. కంప్యూటర్, యంత్రం వేర్వేరు విద్యుత్ బోర్డుల నుంచి నడుస్తున్నాయి. కేబుల్ విప్పి, కనెక్టర్ లోహపు తొడుగుకూ కంప్యూటర్ పెట్టెకూ మధ్య ఏసీ వోల్టేజీ కొలిస్తే కొన్ని వోల్టులు కనిపించాయి, కట్టర్‌ను తిప్పే కదురు మోటారు మొదలైనప్పుడు ఎగిశాయి. సీరియల్ కేబుల్ గ్రౌండ్ తీగ రెండు ఎర్తింగ్‌ల మధ్య వారధి అవుతోందన్న మాట. పాత మదర్‌బోర్డు కాలిపోవడానికి ఇదే కారణమని నేను చెప్పలేను, కానీ కొత్తదాన్ని అదే దారిలో నిలబెట్టదలచుకోలేదు. కార్డుకూ కేబుల్‌కూ మధ్య, కాంతి ద్వారా సంకేతం దాటించి రెండు వైపుల విద్యుత్తునూ విడదీసే ఆప్టికల్ ఐసోలేటర్ పెట్టించాను. రెండు వైపులా విద్యుత్ ఆపకుండా ఆ కేబుల్‌ను ఎవరూ తీయకూడదని కనెక్టర్ పక్కనే రాయించాను.

పరీక్ష రెండు విధాలుగా చేశాం. కంట్రోల్ జ్ఞాపకంలో పట్టే ప్రోగ్రామును పంపి, దాన్నే తిరిగి కంప్యూటర్‌కు రప్పించి, రెండు ఫైళ్లనూ అక్షరం అక్షరం పోల్చాం. పెద్ద ప్రోగ్రామును లోహపు దిమ్మ లేకుండా, కట్టర్‌ను పైకి ఎత్తి, మొదటి నుంచి చివరి వరకు గాలిలో నడిపించాం. ఎక్స్‌ఆఫ్ పదే పదే వచ్చేలా చిన్న చిన్న కదలికలు కిక్కిరిసిన ఫైలునే దీనికి ఎంచుకున్నాను. అలారం రాలేదు.

ప్రస్తుతం త్రాసు, గరుకుదనం మీటరు చెరొక కన్వర్టర్ మీద, మిల్లింగ్ యంత్రం కార్డు మీద నడుస్తున్నాయి. కన్వర్టర్లకు ఒక్కొక్క అదనపు జత, అదే చిప్‌వి, అమరికల కాగితంతో సహా పెట్టెలో ఉన్నాయి. మిల్లింగ్ యంత్రం వేగాన్ని 9600కు పెంచమని షాపు వాళ్లు అడుగుతున్నారు. గోడలోని మూడు తీగల కేబుల్ తీసేసి ఆర్‌టీఎస్, సీటీఎస్ అనే హ్యాండ్‌షేక్ తీగలున్న, కవచం ఉన్న కేబుల్ లాగితే అప్పుడు చూద్దామన్నాను. గోడలో ఆ కేబుల్ వెళ్లే గొట్టం తెరిచే పని యంత్రం వార్షిక మరమ్మతుకు ఆగినప్పుడు పెట్టుకున్నారు. అప్పటిదాకా 4800 మీదే నడుస్తుంది.